ఎప్పుడు తడుస్తోందో అడుగు
(యువ రచయితకు లేఖ)

చిరంజీవి సౌజన్యకు,

ఇంట్లో కంటికి కనబడని చెమ్మ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. వానాకాలంలో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తనంతట తానే ఆపేసే స్విచ్చు) పదేపదే పడిపోవడం గోడలో చెమ్మకు గుర్తు కావచ్చన్న వాక్యం బాగుంది. ఈ ఉత్తరం రాయించింది మాత్రం ఇంకో వాక్యం. ‘మరక ఉన్నచోట ప్లాస్టరు కొట్టించి, వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయిస్తే సరి’ అన్నావు. నిన్ను నమ్మి ఎవరైనా మేస్త్రీని పిలిస్తే డబ్బు పోతుంది, గోడ పోతుంది, నీరు కారుతూనే ఉంటుంది.

నీరు దిగేది ఒకచోట, తేలేది ఇంకోచోట. స్లాబులో సన్న పగులు వెంటో, వైర్ల పైపు వెంటో పల్లం చూసుకుంటూ పోయి ఫ్యాను హుక్కు దగ్గర బయటపడుతుంది. అందుకే మరక ఎక్కడుందని కాక, ఎప్పుడు పెరుగుతోందని ముందు అడగాలి. వాన పడిన కొన్ని గంటలకో, ఒకట్రెండు రోజులకో తడి తేలితే డాబా, పిట్టగోడ మొదలు, బయటి గోడ పగుళ్లు చూడాలి. పై అంతస్తులో స్నానాలయ్యాక పెరిగి తర్వాత తగ్గితే నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో నీరు పోయే జాలి) చుట్టూ, టైల్స్ సందులు, మురుగు పైపు అతుకులు. ఏ కాలమైనా, ఏ వేళైనా ఒకేలా తడిగా ఉంటే ట్యాంకు నుంచి వచ్చే నీటి లైను మీద అనుమానం. నేల నుంచి సుమారు మీటరు ఎత్తు వరకు పాకి, అక్కడ అడ్డంగీతలా ఆగి, తెల్లటి ఉప్పు రాలుతుంటే అది పునాది నుంచి గోడ పీల్చుకున్న చెమ్మ. పునాది మీద చెమ్మ పైకెక్కకుండా వేసే పొర (డీపీసీ) లేకపోవడమో, బయట మట్టిని దాని కంటే ఎత్తుగా పోయడమో కారణం.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అదీ రాయి. బాత్రూం కింద పల్లంగా పోసిన స్లాబును ఇటుక ముక్కలతో నింపుతారు. అందులో నీరు నిలిచిపోతే స్నానాల వేళలతో పని లేకుండా కింది కప్పు రోజంతా తడిగానే ఉంటుంది. లీకు ఆపాక కూడా వారాల తరబడి ఆరదు. పని చెడగొట్టాడని మేస్త్రీతో గొడవపడేది అప్పుడే.

మరక రాకముందు కనబడే గుర్తులకు నువ్వు రెండు వరసలే ఇచ్చావు. అసలు విషయం అక్కడుంది. గోడకు ఆనించిన బీరువా వెనక ముక్కవాసన, సింకు కింద ప్లైవుడ్ అడుగు అంచు ఉబ్బడం, బాత్రూం గుమ్మం చెక్క కింది భాగం నల్లబడటం, గోడ అడుగున వేసే పట్టీ (స్కిర్టింగ్) ఊడిరావడం. టైలును నాణెంతో తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుందన్నావు. టైలు కింద సిమెంటు మాలు సరిగా నింపకపోయినా అదే శబ్దం వస్తుంది, కాబట్టి ఒక్క శబ్దంతో చెమ్మేనని తీర్పు చెప్పకూడదు.

పరీక్షలు రాసేటప్పుడు కొలతలు వదలకు. అడుగున్నర చదరం పాలిథీన్ షీటును నాలుగు అంచులా గాలి చొరకుండా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచాలి. షీటుకు గోడవైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది, గదివైపు పడితే గాలిలోది. సొంత ఇల్లయితే రాత్రి ట్యాంకు నింపి, మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టి, మట్టం గుర్తుపెట్టి తెల్లారి చూడాలి. తగ్గితే మర్నాటి రాత్రి ట్యాంకు దగ్గరి వాల్వు కూడా కట్టి చూడాలి. అప్పుడూ తగ్గితే కారేది ట్యాంకే. తగ్గకపోతే లైనులోనో ఫ్లష్‌లోనో ఉంది. ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి అరగంట నొక్కకుండా ఉంచితే ఆ సంగతీ తేలిపోతుంది, రంగు కమోడ్‌లోకి దిగితే లోపలి వాషరు పోయినట్టే. బాత్రూం నేలకైతే ట్రాప్ మూసి, గడప దాటకుండా అంగుళం నీరు నిలిపి, 24 గంటలు కింది కప్పును చూడాలి. చెమ్మ కొలిచే మాయిశ్చర్ మీటరు అంకెలను నమ్మి రాయకు. గోడలో ఉప్పు ఉంటే అది ఎక్కువ చూపిస్తుంది. అదే ఇంట్లో పొడిగా ఉన్న గోడతో పోల్చుకోవడానికే పనికొస్తుంది.

ఈ కొలతలనే ఆదివారం అనుబంధాల వాళ్లు ముందు కొట్టేస్తారు. పాఠకులకు అంకెలు బరువట! ‘వానాకాలంలో పది చిట్కాలు’ అని పేరు మార్చి, అంగుళాన్ని ‘కొద్దిగా నీరు’ చేస్తారు. ఒప్పుకోకు. కొద్దిగా నీరు పోసి పది నిమిషాలు చూసి లీకు లేదనుకునే ఇల్లాలికి రేపు కప్పు ఊడిపడితే ఆ సంపాదకుడు జవాబు చెప్పడు.

కప్పు గురించి నువ్వు అసలు రాయలేదు. స్లాబు అడుగున ఊచల దారి వెంట ఎర్రటి గీతలు కనబడ్డాయంటే ఇనుము తుప్పు పడుతోంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు కోరుతుంది కనుక కాంక్రీటును పగలదోసి పెచ్చులుగా రాల్చుతుంది. అక్కడ పుట్టీ పూయించమనడం పాపం. దాని కింద మంచం జరిపించి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించాలి. లోపలి వైపు వేసే వాటర్‌ప్రూఫ్ పెయింటూ అంతే, నీటి దారి మూయకుండా ముఖం కప్పితే చెమ్మ పక్కకీ పైకీ పాకుతుంది, ఏడాది తిరక్కుండా పొక్కులు లేస్తాయి.

ఏ పత్రికకు పంపాలి, కలంపేరు పెట్టుకోవాలా అన్నవి ఇప్పుడు వద్దు. ఆ ఆర్‌సీసీబీ మాటను చివరి పేరా నుంచి ముందుకు తెచ్చి విడమరిచి రాయి. ఇళ్లలో వాడేది సాధారణంగా 30 మిల్లీ యాంపియర్ల లీకేజీకే పడిపోయేది. గీజరు పాడైనా, బయటి మోటారు తడిసినా పడుతుంది కనుక తప్పు గోడదేనని తేల్చేయకు. అది పడుతోందని తీసేసి నేరుగా కలిపించేవాళ్లున్నారు, ఆ పని ప్రాణం తీస్తుందని స్పష్టంగా రాయి. తడి గోడలోని స్విచ్చుబోర్డును ముట్టుకోకుండా, మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవమను.

ఆశీస్సులతో.