మనస్ఫూర్తిగానా, హృదయపూర్వకంగానా? (సందేహాలు – సమాధానాలు)

సందేహం: మాస్టారూ, నమస్కారం. మాది గుంటూరు, కొరిటెపాడు. క్రిస్మస్‌కి మా సంఘంలో స్త్రీల సమాజం తరఫున పేదవాళ్లకి బట్టలు, బియ్యం పంచుతున్నాం. ఫ్లెక్సీకి మేటర్ రాసిచ్చే పని నా మీద పడింది. "మీ కానుకలు మనస్పూర్తిగా, స్వచ్చందంగా ఇచ్చి ఈ సేవా పరిచర్య కార్యక్రమంలో పాలుపొందండి" అని రాశాను. మా పాస్టరు అయ్యగారు చూసి 'మనస్పూర్తిగా' తప్పమ్మా, 'హృదయపూర్వకంగా' అని పెట్టండి అన్నారు. మా అబ్బాయేమో రెండూ ఒకటే, నిండు మనసుతో అనే కదా అంటాడు. ఏది రైటు? ఇంకొకటి, మేము పరిచర్య అంటాం, నేను పనిచేసే స్కూల్లో అందరూ సేవ అంటారు, వీటికి తేడా ఏమైనా ఉందా? కింద 'ఉచిత వైద్య శిబిరం' అని కూడా వేయాలి, అది సరేనా?

సమాధానం: అమ్మా, ముందు చిన్నవి తేల్చేద్దాం. 'స్వచ్చందం' కాదు, 'స్వచ్ఛందం'. చ కింద ఛ వత్తు ఉండాలి. స్వ అంటే తన, ఛందం అంటే ఇష్టం, అంటే ఎవరూ లాగకుండా తన ఇష్టంతో అని. స్వచ్ఛ భారత్ బోర్డులు చూసీ చూసీ ఇది కూడా శుభ్రతకి సంబంధించిన మాటే అనుకుంటున్నారు కొందరు. నా దగ్గర చదివిన ఒక కుర్రాడైతే స్వచ్ఛంద సంస్థ అంటే వీధులు ఊడ్చే సంస్థ అని పరీక్షలోనే రాశాడు. ఆ స్వచ్ఛ వేరు, అది సు, అచ్ఛ కలిసిన మాట. 'పాలుపొందండి' శుభ్రంగా ఉంది, మార్చకండి. పాలు అంటే వాటా, అచ్చ తెలుగు మాట. బయట పాలుపంచుకోండి అనడం ఎక్కువైంది గానీ మీ బైబిల్ చదివేవాళ్లకి పాలుపొందడమే నోటికి అలవాటు.

ఇక మనస్పూర్తి. స కింద ప వత్తుతో రాస్తే అయ్యగారన్నట్టు తప్పే. మనస్ పక్కన పూర్తి వచ్చి చేరితే సంస్కృత సంధి ప్రకారం 'మనఃపూర్తి' కావాలి, అంతఃపురంలో విసర్గ నిలబడినట్టు. కానీ మనం నోటితో అనేది, పత్రికలు రాసేది 'మనస్ఫూర్తి', ఫ వత్తుతో. అది పూర్తి కాదు, స్ఫూర్తి. స్ఫురించడంలో ఉన్న స్ఫూర్తి. దీన్ని కూడా తప్పనేవాళ్లున్నారు, మనఃస్ఫూర్తి అని విసర్గ పెట్టి తీరాలంటారు. అక్కర్లేదు. ఇలాంటి చోట విసర్గ లోపించవచ్చని వ్యాకరణమే ఒప్పుకుంది, నిస్పృహని మనం నిఃస్పృహ అని రాయడం లేదు కదా. కాబట్టి మనస్ఫూర్తిగా అని నిశ్చింతగా రాసుకోండి. మాటకి మాట చూస్తే మనసులో తట్టినట్టుగా అని అర్థం రావాలి, వాడుకలో మాత్రం నిండు మనసుతో అని స్థిరపడిపోయింది. అంతమంది ఇన్నేళ్లుగా ఒక మాటని ఒకే అర్థంలో వాడుతుంటే నాలాంటివాడు అడ్డుపడి ప్రయోజనం లేదు.

మీ అబ్బాయి మాటకి వస్తాను. రెండూ ఒకటే అన్నాడే, అక్కడ ఒప్పుకోను. పూర్తి, పూర్వకం వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ ఇంటిపేర్లు వేరు. పూర్వకంలో ఉన్నది పూర్వం, అంటే ముందు. లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి అంటారు ఆఫీసుల్లో, అంటే కాగితం నిండా రాయమని కాదు, ముందు రాత ఉండాలి, దాన్నిబట్టి ఫిర్యాదు అని. బుద్ధిపూర్వకంగా చేశాడంటే ముందు అనుకుని మరీ చేశాడని. అలాగే హృదయపూర్వకంగా ఇచ్చాడంటే గుండె నిండా ఇచ్చాడని కాదు, ముందు లోపల ఇచ్చేశాడు, చెయ్యి ఆ తరవాత కదిలింది అని. ఇష్టపూర్వకం కూడా అంతే.

మీకు బాగా తెలిసిన వాక్యంతోనే చెప్తాను. బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక (అంటే ఉత్తరం) 9వ అధ్యాయం 7వ వచనం: "సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను, దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును." పౌలు ఇది రాసింది యెరూషలేములోని బీదవాళ్ల కోసం చందా పోగుచేస్తున్న సందర్భంలో, అంటే సుమారుగా మీ ఫ్లెక్సీ లాంటి పని మీదే. ఇందులో 'నిశ్చయించుకొనిన' అన్నచోట మూలమైన గ్రీకులో ఉన్న క్రియ మొదట 'ప్రొ' అనే ముక్క ఉంది. ప్రొ అంటే ముందు. ముందుగానే ఎంచుకోవడం అని ఆ క్రియకి అర్థం, పక్కనే హృదయానికి 'కార్దియా' అన్న మాట ఉంది. ముందూ, హృదయమూ పక్కపక్కన కూర్చున్నాయి. ఇంతకంటే హృదయపూర్వకం ఎక్కడ దొరుకుతుంది? అందుకని మీ సందర్భానికి అయ్యగారు చెప్పిన మాటే సరిగ్గా అతుకుతుంది. కారణం మాత్రం మనస్ఫూర్తి తప్పు కావడం కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. నా చిన్నప్పుడు మా పక్కింట్లో ఒక మామ్మ ఉండేది, క్రైస్తవులు. పొద్దున్నే అన్నం ఎసట్లో పెట్టే ముందు బియ్యం సోలతో కొలిచి చేటలో పోసి, అందులోంచి ఒక గుప్పెడు తీసి గూట్లో ఉన్న డాల్డా డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్లేది. (గుడి అనే అనేవాళ్లు వాళ్లు, చర్చి అన్నది తరవాత వచ్చిన నాజూకు.) ఒకరోజు చెప్పాపెట్టకుండా చుట్టాలొచ్చారు, బియ్యం చాల్లేదు, అప్పుకోసం గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చింది. డబ్బా నిండుగా ఉంది కదా మామ్మా, అందులోవి తీసుకోవచ్చుగా అన్నాను, ఎనిమిదేళ్ల తెలివితో. "అయ్యి మనయి కాదురా, ముందే తీసేశాగా" అంది. పూర్వకం అన్న మాట ఆవిడ ఎప్పుడూ విని ఉండదు. తరవాత ముప్పై ఏళ్లు క్లాసులో పూర్వకం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ డబ్బాయే గుర్తొచ్చేది.

పై వచనంలో 'సణుగుకొనకయు' అన్న మాట కూడా చూడండి. గ్రీకులో అక్కడున్నది దుఃఖం, బాధ అనే అర్థమున్న మాట. బాధతో ఇవ్వొద్దు అని అనువదిస్తే తప్పు లేదు, కానీ తెలుగు చేసినవాళ్లు సణుగుడు అన్నారు, నాకది గొప్పగా నచ్చింది. బాధపడుతూ ఇచ్చే తెలుగువాడు ఏడవడమ్మా, సణుగుతాడు. ఇచ్చేటప్పుడు నవ్వుతూనే ఇస్తాడు, ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ మొదలుపెడతాడు. గొణగడం వేరు, అది మాట స్పష్టంగా లేకపోవడం. సణగడంలో ఫిర్యాదు ఉంటుంది, పైగా అది వినాల్సినవాడికి తప్ప ఇంట్లో అందరికీ వినపడుతుంది. పేతురు మొదటి పత్రికలోనూ సణుగుకొనకుండ ఆతిథ్యము చేయుడి అని ఉంది, అక్కడ గ్రీకు మాట కూడా అచ్చంగా సణుగుడే.

మన భాషలో ఈ మనసులేని ఇవ్వడానికి మాటలు బోలెడు. మొహమాటానికి ఇచ్చాను అంటాం. పాత నిఘంటువుల్లో ఇది మొగమోటము. అందులో ఉన్నది మొగమే, అంటే ముఖమే. ఎదురుగా నిలబడ్డవాడి మొహం చూసి ఇచ్చామన్నమాట, మన మనసుకి పని లేదు. రసీదు పుస్తకం పట్టుకుని నలుగురు పెద్దమనుషులు కలిసి గుమ్మంలోకి రావడం వెనక ఉన్న కిటుకు ఇదే, అన్ని మతాలవాళ్లకీ తెలుసు.

ఇంకో మాట మొక్కుబడి. దీని గతి చూస్తే జాలేస్తుంది. మొక్కుకున్నది చెల్లించడం మొక్కుబడి. విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 11న మేరీమాత ఉత్సవానికి ఒకసారి వెళ్లాను. అప్పుడే గుండు చేయించిన చంటిపిల్లాణ్ణి భుజాన వేసుకుని ఒకావిడ కొండ మెట్లు ఎక్కుతోంది, కాళ్లకి చెప్పుల్లేవు, చేతిలో కొబ్బరికాయ, కొవ్వొత్తులు. పిల్లాడు గుండు మీద గాలి తగిలి ఏడుస్తుంటే కొంగు కప్పుతూ, ప్రతి మలుపులోనూ ఆగి ఆయాసం తీర్చుకుని మళ్లీ ఎక్కుతోంది. ఆవిడ చేస్తున్నది మొక్కుబడి. ఆ మాటకే ఒక 'గా' తగిలించి, ఆఫీసరు మొక్కుబడిగా తనిఖీ చేసి వెళ్లాడు అని పేపర్లో రాస్తాం, తూతూమంత్రంగా అని అర్థం! అంత మనసు పెట్టి చేసే పని పేరు మనసు పెట్టని పనికి పేరైపోయింది. మొక్కులు తీర్చడంలో మనవాళ్లు ఎక్కడో సణిగి ఉంటారని నా అనుమానం.

కానుక మంచి మాట, ఉంచండి. తమిళంలో కాణిక్కై, కన్నడంలో కాణికె, అన్నిటికీ మూలం చూడటం అనే అర్థమున్న ధాతువే, మన 'కను' కూడా ఆ కుదురుదే. పెద్దవాళ్లని చూడబోయేటప్పుడు ఒట్టి చేతులతో పోకుండా పట్టుకెళ్లేది కానుక. చందా పారసీ నుంచి వచ్చింది, కొంత, కొన్ని అనే అర్థమున్న మాటలోంచి. ఇచ్చేవాడు చూడబోతే కానుక, అడిగేవాడు చూడవస్తే చందా అని నేను సరదాగా అంటుంటాను.

సేవకీ పరిచర్యకీ తేడా అడిగారు. అర్థంలో తేడా దాదాపు లేదు, అందుకే 'సేవా పరిచర్య కార్యక్రమం' అంటే గేటు ద్వారం అన్నట్టుంది, ఒకటి తీసేయండి. పరిచర్యలో పరి అంటే చుట్టూ, చర్య తిరగడంలోంచి వచ్చింది. మంచానపడ్డ మనిషి చుట్టూ, భోజనానికి కూర్చున్నవాళ్ల చుట్టూ ఏం కావాలో చూస్తూ తిరగడం. గ్రీకులో దీనికి సాటి వచ్చిన 'దియాకొనియా' కూడా మొదట భోజనాల దగ్గర వడ్డించే పనికి వాడిన మాటే. "మనుష్యకుమారుడు పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకు" వచ్చాడు అని యేసు తన గురించి చెప్పుకున్న మాట చదివినప్పుడు నాకు బంతిలో గరిటె పట్టుకున్న మనిషే కనపడతాడు. ఇప్పుడు పరిచర్య అంటే మైకు, స్టేజీ, పోస్టరు మీద పెద్ద ఫొటో గుర్తొస్తున్నాయంటే అది మాట తప్పు కాదు. ఇంగ్లీషు మినిస్టరు కూడా లాటిన్‌లో పనివాడే, చూడండి ఎంత దూరం వచ్చాడో. మీ వాళ్లు ఆదివారం ప్రేమవిందులో సాంబారు బకెట్టు మోస్తారే, మాట పుట్టినచోటికి వాళ్లే దగ్గర.

శుశ్రూష ఇంకా విచిత్రం. శ్రు అంటే వినడం, శుశ్రూష అంటే వినాలనే కోరిక. గురువు చెప్పేది వినాలని దగ్గరుండటం, దగ్గరుండి పనులు చేయడం, అలా రోగిదాకా వచ్చింది. 1883లో అమెరికా నుంచి మన గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకీ పిల్లలకీ వైద్యం మొదలుపెట్టి, 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో ఇక్కడే కన్నుమూసింది. ఆవిడకి ముందు తెలుగు వినడం రావాలి కదా, ఎక్కడ నొప్పో చెప్పుకునే మనిషి మాట అర్థం కాకపోతే మందు ఏమిస్తుంది? శుశ్రూషకి వినడమే మొదలని ఆ మాట పుట్టుకలోనే ఉంది.

ఒక చిన్న హెచ్చరిక. ఫ్లెక్సీ మీద 'అన్నం ఇవ్వబడును' లాంటిది ఎవరైనా చేర్చబోతే ఆపండి. తెలుగులో అన్నం ఇవ్వరు, పెడతారు. మత్తయి 25లో చూడండి, "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టితిరి, దప్పిగొంటిని, నాకు దాహమిచ్చితిరి". భోజనం పెట్టడం, దాహం ఇవ్వడం, ఎంత తెలుగుతనం! మన పల్లెల్లో ఇప్పటికీ ఎండనపడి వచ్చినవాడు కాసిని దాహం ఇవ్వమ్మా అనే అడుగుతాడు.

ఉచిత వైద్య శిబిరం సరైనదే. సంస్కృతంలో ఉచితం అంటే తగినది, సముచితంలో ఆ అర్థమే ఉంది. డబ్బు తీసుకోకుండా అనే అర్థం మనం ఇచ్చుకున్నాం, "ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి" అని బైబిల్లోనూ ఆ అర్థమే. శిబిరంలో మాత్రం రెండోది బి, భి కాదు.

ఇదీ మీ మేటర్: "మీ కానుకలు హృదయపూర్వకంగా, స్వచ్ఛందంగా ఇచ్చి ఈ పరిచర్యలో పాలుపొందండి." కార్యక్రమం కూడా అక్కర్లేదు, ఒక లైను తగ్గి అక్షరాలు పెద్దవి వస్తాయి. మీకు మనస్ఫూర్తిగానే ఇష్టమైతే అదే ఉంచండి, అయ్యగారికి ఈ సమాధానం చూపించండి. ఎటొచ్చీ ప్రింటుకి వెళ్లే ముందు ఒకసారి షాపుకెళ్లి కంప్యూటర్లో మీ కళ్లతో చూసుకోండి, ఛ వత్తూ ఫ వత్తూ కొట్టడం కష్టమని వాళ్లు చ, ప కొట్టేసి పంపిస్తారు.