యాభై అయిదు రూపాయల క్యాప్సూల్ ఎవరి కప్పులోకి?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగులం. కలిపి నెలకు 1,40,000 రూపాయలు చేతికి వస్తాయి, ఇంటి రుణానికి 46,000 పోతుంది. ఆఫీసు కింద ఉన్న కెఫేలో నేను వారానికి నాలుగుసార్లు కాఫీ తాగుతాను, ఒక్కోటి 220 రూపాయలు. ఇంట్లో మాత్రం ఇద్దరికీ రెండు పూటలా ఫిల్టర్ కాఫీయే. 17,500 రూపాయల క్యాప్సూల్ మెషీన్ ఒకటి చూశాను. ఒక కప్పుకు సరిపడా కాఫీ పొడి నింపిన చిన్న డబ్బీ, అంటే క్యాప్సూల్, ఒక్కోటి 55 రూపాయలు పడుతుంది. తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. కెఫే ఖర్చు తప్పుతుందని నేనంటున్నాను, దండగ అని మావారు అంటున్నారు. ఎవరి మాట సరైనది?

జవాబు: మీ ఇద్దరి మాటా సరైనదే. ఆ క్యాప్సూల్ ఏ కాఫీ బదులు వస్తుందన్న దాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

ముందు మీ కాఫీ చూద్దాం. నెలకు 17 కెఫే కాఫీలకు సుమారు 3,750 రూపాయలు ఖర్చవుతున్నాయి. అవే 17 ఇంట్లో క్యాప్సూల్‌తో చేసుకుంటే పాలతో కలిపి 1,100 దాటదు. నెలకు 2,650 మిగిలితే, ఏడు నెలల్లో మెషీన్ డబ్బు వెనక్కి వచ్చినట్లే. ఇంతవరకు మీరు గెలిచారు.

ఇప్పుడు మీవారి కాఫీ. ఈ జవాబు రాసే ముందు మా ఇంట్లో ఉన్న క్యాప్సూల్ ఒకటి కత్తితో కోసి, పొడిని వంటింటి త్రాసులో వేశాను. అయిదున్నర గ్రాములు తూగింది. అంటే 55 రూపాయల క్యాప్సూల్‌లో గ్రాము పొడి పది రూపాయలు, కిలో పదివేలు! కిలో 700 రూపాయల ఫిల్టర్ పొడి కప్పుకు పది గ్రాములు వేసినా ఏడు రూపాయలే. మీ ఇంట్లో రోజుకు నాలుగు కప్పులు, నెలకు 120. ఫిల్టర్ పొడికి 840 రూపాయలు సరిపోతాయి. అన్నీ క్యాప్సూళ్లయితే 6,600 కావాలి. మెషీన్ కంటి ఎదురుగా ఉన్నప్పుడు, మీట నొక్కితే అర నిమిషంలో కాఫీ వస్తున్నప్పుడు, తెల్లవారుజామున ఫిల్టర్‌లో వేడినీళ్లు పోసి డికాక్షన్ దిగేదాకా ఎవరు ఆగుతారు? డబ్బు సలహా కోసం నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఖర్చు పెరిగింది ఎక్కువగా ఇలాంటి చోటే.

ఇంకో సంగతి దుకాణంలో చెప్పరు. ఎస్ప్రెసో క్యాప్సూల్ నుంచి దిగేది 40 మిల్లీలీటర్లు. చిక్కటి డికాక్షన్‌కు, చికోరీ రుచికి అలవాటుపడిన నాలుకకు, దాన్ని గ్లాసెడు పాలలో కలిపితే పలచగా అనిపిస్తుంది. అప్పుడు రెండో క్యాప్సూల్ వేస్తారు. ఆ కప్పు 110 రూపాయలు, మీ కెఫే ధరలో సగం. అందుకే కొనే ముందు రుచి చూడమని గట్టిగా చెబుతాను. మెషీన్ ఉన్న స్నేహితుల ఇంటికి పది క్యాప్సూళ్ల పెట్టె ఒకటి తీసుకెళ్లండి. మీరు రోజూ తాగే పాలతోనే, రోజూ తాగే గ్లాసులోనే కలుపుకుని తాగండి. 550 రూపాయలతో 17,500 రూపాయల నిర్ణయం తేలుతుంది.

నచ్చితే, ఏ మెషీన్ అన్నది ముఖ్యం. నెస్ప్రెసో కంపెనీ 1986లో మొదలుపెట్టిన పాత తరహా క్యాప్సూల్ మీద ప్రధాన పేటెంట్ల గడువు 2012 ప్రాంతంలో ముగిసింది. అప్పటి నుంచి వేరే కంపెనీలూ వాటికి సరిపోయేవి చేస్తున్నాయి, మన దేశంలో కాఫీ గింజలు వేయించి అమ్మే సంస్థలూ అమ్ముతున్నాయి. అదే కంపెనీ తర్వాత తెచ్చిన, క్యాప్సూల్ అంచు మీద బార్‌కోడ్ చదివే వెర్టువో తరహాలో ఆ వెసులుబాటు చాలా తక్కువ, ధర ఎంత చెబితే అంత. కనుక పాత తరహాదే తీసుకోండి. దానికి స్టీలు రీఫిల్ క్యాప్సూల్ కూడా దొరుకుతుంది. మెత్తగా ఆడించిన పొడి నింపుకుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, కాకపోతే ప్రతిసారీ కడగాలి. మీది బోరు నీరైతే మెషీన్‌లో శుద్ధి చేసిన నీళ్లే పోయండి. లేదంటే లోపల సున్నం పేరుకుని, దాన్ని తీసే మందుకు తరచూ డబ్బు పెట్టాల్సి వస్తుంది.

ఈఎంఐ మాత్రం వద్దు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. సాధారణంగా జరిగేది ఇది: బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవారు అంత మొత్తాన్ని ధరలో తగ్గించి చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీరే కట్టాలి. మీ మొత్తానికి ఇవి కొన్ని వందలే. అసలు నష్టం, ఒకేసారి చెల్లించేవారికి ఇచ్చే తగ్గింపు మీకు రాకపోవడం. ఈఎంఐకి కట్టబోయిన 1,950 రూపాయలను నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. తొమ్మిది నెలలకు డబ్బు చేతిలో ఉంటుంది, ఈలోగా పండుగ తగ్గింపులు కూడా వస్తాయి.

రోజుకో కాఫీ మానేస్తే కోటీశ్వరులవుతారన్న లెక్క నేను ఎవరికీ చెప్పను. ఇంటి వాయిదా సక్రమంగా కడుతూ, రోజంతా పనిచేసే మనిషికి ఒక మంచి కాఫీ తాగే హక్కు ఉంది. మెషీన్ వచ్చాక ఒకటో తేదీన 20 క్యాప్సూళ్లు ఒక డబ్బాలో వేసి, దాని మీద మీ పేరు రాయండి. డబ్బా ఖాళీ అయితే మళ్లీ ఒకటో తేదీ దాకా కొనవద్దు. వంద క్యాప్సూళ్ల ఆఫర్ల జోలికి వెళ్లవద్దు. కెఫేకు వెళ్లిన రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. మూడు నెలల తర్వాత కూడా నెలకు అయిదారు కంటే ఎక్కువ గుర్తులు కనిపిస్తుంటే, మెషీన్ ఇంకా కొత్తగా ఉండగానే అమ్మేయండి. ఫిల్టర్‌ను మాత్రం అటక ఎక్కించకండి, మీవారి రెండు పూటల కాఫీ అందులోనే దిగాలి.