కప్పు మీద విమానం ముక్కు ఏమైంది?

ప్రశ్న: మా పెదనాన్న అరక్కోణంలో నేవీ టీయూ-142 విమానాల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. మొన్న వైజాగ్ బీచ్ రోడ్డులో ఆ విమానం చూసి ఫోన్‌తో ఫొటోలు తీశాను. ఒకటి నెల్లూరులో కాఫీ కప్పు మీద వేయించి ఇస్తే, తిప్పి తిప్పి చూసి "ముక్కేడుందిరా?" అన్నారు. ముక్కు పిడి దగ్గర తెగిపోయింది, మిగతాదంతా మసక. ఆయనతో పనిచేసినవాళ్లు తమకూ కావాలంటున్నారు. డబ్బులు తీసుకుని చేయించి ఇస్తే కేసులేమైనా అవుతాయా?
– ఓ పాఠకుడు, కావలి

జవాబు: షాపుకు ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపి ఉంటారు, అక్కడే సైజు తగ్గిపోయి మసక వచ్చి ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. కప్పు చుట్టూ అచ్చు పడే జాగా సుమారు 20 సెంటీమీటర్లు, దానికి అడ్డంగా 2,400 పిక్సెళ్లయినా ఉండాలి.

అయితే అసలు చిక్కు వేరే ఉంది. యాభై మీటర్లు దాటిన విమానాన్ని కప్పు చుట్టూ చుడితే ఎటు నుంచి చూసినా సగమే కనబడుతుంది. నన్నడిగితే మొత్తం విమానం వద్దు, ఒక్క ఇంజిన్ తీయండి. దానికి నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరిగేది. ఏళ్ల తరబడి వాటి పక్కన నిలబడిన మనిషి పేరు చదవకుండానే గుర్తుపడతారు. పొద్దున సముద్రం వైపు నుంచి ఏటవాలుగా ఎండ పడేటప్పుడు తీస్తే రివెట్ల వరసలు కూడా లేచి కనబడతాయి, మిట్టమధ్యాహ్నం తీస్తే ఆ బూడిదరంగు ఒళ్లంతా తెల్లగా వెలిసిపోతుంది. ఫోన్‌ని దగ్గర పెట్టి వైడ్‌లో తీయకండి, వంకరపోతుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. కప్పు రెండోవైపు 1988–2017 అని వేయించండి, అవి మన నేవీలో పనిచేసిన ఏళ్లు. ఆ అంకెలు చూస్తే పెదనాన్నగారికి ఎన్ని గుర్తొస్తాయో!

కేసుల సంగతంటారా, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు మీకోసం తీసుకున్న ఫొటో మీదే. నెట్‌లో దొరికింది మాత్రం మీది కాదు. బీచ్ రోడ్డు విమానం ఇప్పుడు మ్యూజియం, దాని లోపల తీసినవి అమ్మాలనుకుంటే అక్కడివాళ్లను ముందే అడగండి. మూడు సింహాల గుర్తు మాత్రం వేయించొద్దు, వ్యాపారానికి వాడకూడదని 2005లోనే చట్టం వచ్చింది.

ప్రశ్న: 2024 మార్చిలో కొరిశపాడు దగ్గర హైవే మీద దిగిన వాయుసేన ఏఎన్-32 విమానాన్ని ఫొటో తీశాను. ఫొటోలో ఫ్యాన్లు ఆగిపోయినట్టున్నాయి. కాటన్ టీషర్టు మీద వేయిస్తే ఉతికేసరికి రంగు పోయింది.
– ఓ పాఠకురాలు, అద్దంకి

జవాబు: షట్టర్ మరీ వేగంగా పెట్టి ఉంటారమ్మా. ప్రొపెల్లర్ విమానానికి 1/250 సెకను, చెయ్యి కదలదనుకుంటే 1/125 పెట్టండి, తిరుగుతున్నట్టే వస్తాయి. వేగం పెంచాల్సింది జెట్‌లకే. ఇక టీషర్టు, కప్పులకు వాడే సబ్లిమేషన్ అచ్చు (వేడితో రంగు ఎక్కించేది) బట్టల్లో పాలిస్టర్‌కే పడుతుంది, కాటన్ మీద నిలవదు. డీటీఎఫ్ (ఫిల్మ్ మీద అచ్చేసి బట్టకు వేడితో అంటించేది) గానీ స్క్రీన్ ప్రింటింగ్ గానీ చేసేవాళ్లకివ్వండి, ఉతికేటప్పుడు తిరగేసి ఉతకండి.