ఆదివారం లోపు బయానా ఇవ్వకండి

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు రాశారు: జీతం 62 వేలు, ఇంటి ఖర్చు నెలకు 40 వేలు, ఎఫ్‌డీలో 5.20 లక్షలు ఉన్నాయి. ఆఫీసులో తెలిసినవాళ్ల ద్వారా 2017 పెట్రోల్ కారు 4.60 లక్షలకి వస్తోందట, ఒక్కడే ఓనర్, 48 వేల కిలోమీటర్లు తిరిగింది. వేరే పార్టీ రెడీగా ఉంది, ఆదివారం లోపు 20 వేలు బయానా ఇవ్వమంటున్నారు, ఎఫ్‌డీ తీసి కొనేయనా అని అడిగారు.

వద్దండి. కారు కొనొద్దని కాదు, బయానా ముందు ఇవ్వొద్దని. ఒకసారి డబ్బు చేతులు మారాక, బండిలో ఏ లోపం కనిపించినా "పర్లేదులే" అని మనకి మనమే సర్దిచెప్పుకుంటాం.

ముందు కాగితాలు చూడండి. ఆర్సీ నంబర్‌తో ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే ఎన్నో ఓనర్, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు, లోన్ ఉందా అన్నది తెలుస్తుంది. పెండింగ్ చలాన్లు కూడా ఆన్‌లైన్‌లో చూసుకోండి. లోన్ విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే మా బావమరిది అమ్మినాయన మాట నమ్మి మొత్తం డబ్బు ఇచ్చేశాడు, తీరా చూస్తే మూడు ఈఎంఐలు మిగిలున్నాయి, ఆయన అవి కట్టి అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్వోసీ తెచ్చేసరికి ఐదు నెలలు పట్టింది, అన్నాళ్లూ బండి వీడి దగ్గర, పేరు ఆయనది. బ్యాంకు ఎన్వోసీ, ఆర్సీలోంచి లోన్ తీసేయించే ఫారం 35 కళ్లతో చూశాకే డబ్బు మాట.

ఇన్సూరెన్స్ కాపీ అడిగి తీసుకోండి, అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతుందో చూడండి. మొదటి ఓనరే ఇన్నేళ్లు నడిపిన బండికి బోనస్ సున్నా అని ఉంటే ఈమధ్య క్లెయిమ్ చేసుండాలి, లేదా పాలసీ మధ్యలో ఆగిపోయుండాలి. ఏది జరిగిందో అడగండి. ఒకవేళ 50 శాతం ఉన్నా అది ఆయనది, బండితో పాటు మీకు రాదు, పాలసీ మీ పేరుకి మారేటప్పుడు ఆ తేడా మీరే కట్టాలి. బదిలీ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి అప్లై చేయండి, లేకపోతే మీ కారుకి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది.

ఇక బండి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. 2017 కారుకి నాలుగూ 2019 టైర్లు ఉన్నాయంటే మొదటి సెట్ రెండు మూడేళ్లకే అరిగిపోయి మార్చి ఉండొచ్చు, అంటే అప్పటికే బండి బాగా తిరిగిందన్నమాట, అప్పుడు ఇన్నేళ్లలో 48 వేలే తిరిగిందన్న లెక్క అనుమానమే, మీటర్ వెనక్కి తిప్పారేమో చూడాలి. కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డులో ప్రతిసారీ రీడింగ్ రాసి ఉంటుంది, అది ఓనర్‌నే తెప్పించమనండి. సీట్ బెల్ట్‌ని చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద చార కనిపిస్తే ఆ కారు నీళ్లలో మునిగిందనే అనుమానించాలి. 2020 అక్టోబరు వానలకి మన హైదరాబాద్‌లో కార్లు ఎలా కొట్టుకుపోయాయో అందరం చూశాం కదా. డిక్కీలో స్టెప్నీ తీసి కింద తుప్పుందేమో చూడండి. పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి, వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే చల్లటి ఇంజిన్ స్టార్టింగ్‌లో బయటపడే లోపం మీకు కనిపించకుండా ముందే తిప్పి పెట్టారేమో అనుమానించాలి. మీకు నమ్మకమైన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి, ఆయనకిచ్చే వెయ్యో పదిహేను వందలో ఖర్చు అనుకోకండి.

ఎఫ్‌డీ విషయం. ఆరు నెలల ఖర్చు 2.40 లక్షలు కదపకండి, ఇంట్లో పెద్దవాళ్లకి ఒంట్లో బాగోకపోతే కారు అమ్మి ఆస్పత్రికి కట్టలేం. 2.60 లక్షలు మీవి పెట్టి, 2 లక్షలు లోన్ తీసుకుంటే 13 శాతం వడ్డీ అనుకున్నా మూడేళ్లకి ఈఎంఐ సుమారు 6,740 వస్తుంది, మొత్తం వడ్డీ 42 వేల పైచిలుకు. మీ జీతానికి అది బరువు కాదు. ఎఫ్‌డీలో మిగిలే 20 వేలు పేరు మార్పుకి, ఇన్సూరెన్స్‌కి సరిపోతాయేమో గానీ టైర్లు కూడా మార్చాల్సి వస్తే చాలవు, అందుకే మెకానిక్ చెప్పిన ప్రతి రిపేరుకీ ఎంతవుతుందో కాగితం మీద రాసుకుని, అదంతా 4.60 లోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి.

మెకానిక్‌కి చూపించనని ఓనర్ అంటే, ఆ వేరే పార్టీకే అమ్ముకోమనండి.