‘సమానం’ అంటే చాలదా, ‘సర్వ’ ఎందుకు?

సందేహం: మాస్టారూ, మా పాప బొబ్బిలిలో పదో తరగతి చదువుతోంది. ‘నిరూపక జ్యామితి ద్వారా ఈ రెండు త్రిభుజాలు సర్వసమానాలని నిరూపించండి’ అనే లెక్కంతా చేసి, చివర్లో ‘కనుక త్రిభుజాలు సమానం’ అని రాస్తే మార్కు తగ్గించారు. ‘సర్వ’ వట్టి అలంకారమే కదా? పైగా నిరూపకం, నిరూపించు... ఒకే మాట రెండుసార్లు వాడినట్టు లేదూ?

సమాధానం: అలంకారం కాదండీ. మన భీమాళి మామిడి తాండ్రతోనే చెబుతాను. పావుకిలో ముక్క పొడుగ్గా కోయండి, ఇంకో పావుకిలో నలుచదరంగా కోయండి. కాటాలో వేస్తే రెండూ సమానమే (ఇంట్లో పిల్లలు ఒప్పుకోరు, అది వేరే సంగతి). ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు అంచుకు అంచు, మూలకు మూల కలిస్తేనే సర్వసమానం. సమానం అనగానే ‘దేంట్లో?’ అని అడగాల్సి వస్తుంది, ‘సర్వ’ చేరిస్తే ఆ ప్రశ్నే ఉండదు.

లెక్కలోనూ అంతే. (0, 0), (4, 0), (0, 3) శీర్షాలుగా ఒక త్రిభుజం గీయమనండి, (0, 0), (6, 0), (0, 2)తో ఇంకొకటి. రెండింటి వైశాల్యమూ 6 చదరపు యూనిట్లే, కాబట్టి వైశాల్యంలో సమానం. కానీ మొదటిదాని భుజాలు 3, 4, 5 అయితే రెండోదానికి 2, 6 ఉండి కర్ణం √40 వస్తుంది, ఇక అవి ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చుంటాయి? అదే (1, 1), (1, 5), (4, 1) తీసుకుంటే దూర సూత్రంతో మళ్లీ 4, 3, 5 వస్తాయి, భు.భు.భు. (భుజం-భుజం-భుజం, అంటే మూడు భుజాలూ సమానమైతే చాలు) నియమం ప్రకారం మొదటిదానికి ఇది సర్వసమానం. కాకపోతే కాగితం కత్తిరించి చూస్తే బోర్లించి పెట్టాలి. భుజాలు కుదిరాక అనురూప కోణాలు వాటంతట అవే సమానమవుతాయి, కోణమానిని పెట్టక్కర్లేదు.

అన్నట్టు, కోణాల దగ్గర మాత్రం పాపకు ఇబ్బంది లేదు. కోణానికి చూసేది ఒక్క కొలతే, గీసిన భుజాలు ఎంత పొడుగున్నా లెక్కలోకి రావు, అందుకే ‘కోణాలు సమానం’ అన్నా తప్పు పట్టరు.

ఇక రెండోది. ‘ని’ చేరిన ‘రూప’ ధాతువుకు తేల్చి చూపడం అని అర్థం. నిరూపకం అంటే తేల్చి చూపేది. పాలకుడు, బోధకుడు మాటల్లో ఉన్న ‘అక’ ప్రత్యయమే ఇక్కడా ఉంది. (4, 1) అనే నిరూపకాల జంట ఆ బిందువు ఎక్కడుందో తేల్చి చూపిస్తుంది. నిరూపణ ఒక వాక్యం నిజమని తేలుస్తుంది. పుట్టుక ఒకటే, పనులు వేరు, కాబట్టి పునరుక్తి దోషం లేదు.

ఒక్క మాట, ఈ మధ్య ‘సర్వసమానత్వత’ అని రాసేవాళ్లు కనిపిస్తున్నారు. ‘త్వం’ ఉన్నాక ‘త’ ఎందుకండీ? సర్వసమానత అన్నా సరే, సర్వసమానత్వం అన్నా సరే, రెండూ కలిపి అంటించకూడదు. మార్కు విషయంలో మాత్రం పాప తరఫున వాదించలేను.