బండి సందేహాలు: కప్పు తెరిచే కారుకు పికప్ తక్కువా?

ప్రశ్న: బరంపురంలో మాది పట్టుచీరల వ్యాపారం. ఈమధ్య విశాఖపట్నంలో ఒకరి దగ్గర పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండే సీట్లు, మీట నొక్కితే గుడ్డ కప్పు వెనక్కి మడుచుకుంటుంది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 190 హార్స్‌పవర్ అని కాగితాల్లో ఉంది. తీరా హైవే మీద ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే మా తోడల్లుడి డీజిల్ బండి నన్ను దాటి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే ఎగతాళి. ఇంజన్ పాడైందంటారా? చిప్పు, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ లెక్కలు, మార్పిస్తే పికప్ వస్తుందని ఒక మెకానిక్ చెబుతున్నాడు. మార్పించమంటారా? – ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: చిప్పు జోలికి వెళ్లకండి. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

ఇంజన్ పాడైందనడానికి మీ ఉత్తరంలో నాకు ఆధారమేమీ కనిపించలేదు. పొగ వస్తోందని రాయలేదు, హెచ్చరిక దీపం వెలిగిందని రాయలేదు, ఆయిల్ తగ్గిపోతోందని రాయలేదు. రాసిందల్లా తోడల్లుడు దాటిపోయాడని. అది షెడ్డులో నయమయ్యే జబ్బు కాదు. అయితే మీ అనుమానం మాత్రం వట్టిది కాదు. కప్పు తెరుచుకునే కారు, అదే ఇంజన్ ఉన్న మామూలు కప్పు కారుకన్నా నిజంగానే కాస్త మందకొడి. పైగా, ఉన్న వేగం కూడా ఒంటికి సరిగ్గా అందదు. ఈ రెండూ వేర్వేరు సంగతులు, విడివిడిగా చూడాలి.

కప్పు తీసేస్తే కారు తేలికవుతుందని చాలామంది నమ్మకం. జరిగేది తలకిందులు. ఇప్పటి కార్లలో చాలావాటికి అడుగున విడిగా ఛాసిస్ (బరువు మోసే చట్రం) ఉండదు. నేల, తలుపుల చట్రాలు, స్తంభాలు, కప్పు అన్నీ కలిపి వెల్డింగు చేసిన ఒకే పెట్టె అది. ఒక చెప్పుల అట్టపెట్టె తీసుకుని మూత అంటించి ఒకసారి, మూత తీసేసి ఒకసారి మెలితిప్పి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది. కప్పు లేని కారు గతుకుల్లో అలా మెలికపడకుండా తలుపుల కింది దూలాలను మందం చేస్తారు, ముందు అద్దం చట్రంలో గట్టి ఉక్కు పెడతారు, బోల్తా పడితే తలలకు దెబ్బ తగలకుండా సీట్ల వెనక కమానులు బిగిస్తారు. ఆపైన కప్పు మడిచే మోటార్లు, హైడ్రాలిక్ గొట్టాలు, కీళ్లు.

ఇలాంటి బండి ఒకటి సైలెన్సర్ పనికి నా షెడ్డుకు వస్తే లిఫ్టు ఎక్కించి చూశాను. మామూలు కారు కడుపు కింద సైలెన్సర్ గొట్టమూ, వేడి పైకి తగలకుండా ఒక రేకూ కనిపిస్తాయి. దీనికి ఇంజన్ వెనక నుంచి పెద్ద ఇంటూ గుర్తులా ఉక్కు పట్టీలు, వెనక చక్రాలకు ముందు మరో జత. గొట్టం దించాలంటే ముందు అవన్నీ విప్పాలి. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒక పట్టీని రెండు చేతులతో కిందికి దించి, "ఇది లారీదా సార్?" అన్నాడు. ఆ పట్టీలు ఉన్నా కూడా, రైల్వే గేటు పట్టాలు దాటేటప్పుడు లోపలి అద్దం కేసి చూడండి. వెనక బండి దీపాలు అందులో వణుకుతాయి. కప్పు కారులో ఆ వణుకు ఇంత ఉండదు.

మోడల్‌ను బట్టి ఈ అదనపు బరువు 50 కిలోల నుంచి 200 కిలోల దాకా ఉంటుంది. కప్పు కారు 1,450 కిలోలు, తెరిచే కారు 1,600 కిలోలు అనుకుందాం. మీ 190 హార్స్‌పవర్‌ను పంచితే టన్నుకు ఒకదానికి 131, రెండోదానికి 119 దక్కుతాయి. కాగితం మీద అంకె మారలేదు, చక్రాల దగ్గరకు వచ్చేసరికి తొమ్మిది శాతం కోత పడింది. డిక్కీలో చీరల మూటలు కూడా వేశారేమో, అది మీకే తెలియాలి. మీది గుడ్డ కప్పు కావడం ఒకందుకు నయం. మడిచే లోహపు కప్పులు ఇంకా బరువు, ఇంకా చోటు తింటాయి. బీఎమ్‌డబ్ల్యూ జెడ్4 కారు 2009లో లోహపు కప్పుతో వచ్చి, 2018లో చూపిన కొత్త తరంలో మళ్లీ గుడ్డకే తిరిగి వచ్చింది.

ఇక గాలి. నేరమంతా గాలి మీద వేసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర మీలాంటి కారుకు అందుకు పట్టేది సుమారు 12 హార్స్‌పవర్. కప్పు తెరిస్తే సుడిగాలి లోపల తిరిగి ఇంకో రెండు మూడు పెరగవచ్చు. 190లో అది లెక్కలోకి రాదు. అదే 200 దగ్గరైతే 90 దాటుతుంది, అక్కడ కప్పు ఉందా లేదా అన్నది గట్టిగానే తెలుస్తుంది. బుగాటి వేరాన్ గ్రాండ్ స్పోర్ట్ అని వెయ్యి హార్స్‌పవర్ కారు ఒకటుంది. గట్టి కప్పు బిగిస్తే 407 కిలోమీటర్ల వేగం, తీసేస్తే 360, వానకు వాడే గొడుగులాంటి గుడ్డ కప్పు తొడిగితే 130 దాటకూడదని కంపెనీ మాట. మన హైవే మీద, ఆవులూ ట్రాక్టర్లూ అడ్డం వచ్చే చోట, ఈ బాధ మీకు లేదు.

మనకు అసలు దొంగ ఎండ. ఇరవై డిగ్రీల గాలితో పోలిస్తే నలభై డిగ్రీల గాలి ఆరు శాతం పలచన. గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే టర్బో ఆ లోటును కొంత పూడుస్తుంది గానీ, గోపాలపూర్ నుంచి వచ్చేటప్పుడు ఊళ్లో రద్దీలో పది నిమిషాలు నిలబడితే ఆ గాలిని చల్లబరచాల్సిన ఇంటర్‌కూలరే వేడెక్కిపోతుంది. లోపలికి వేడిగాలి వెళ్తే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, ఎందుకంటే దానికి పికప్ కన్నా పిస్టన్ ముఖ్యం. తక్కువ ఆక్టేన్ (వేడికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) ఉన్న పెట్రోల్ పోసినా చేసేది ఇదే పని. పెట్రోల్ మూత తెరిచి లోపలి వైపు స్టిక్కర్ మీద ఎంత ఆక్టేన్ అడిగిందో చదవండి, 95 కావచ్చు, 98 కావచ్చు. ఇన్నాళ్లూ బంకులో ఏది పోయించారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంకోమాట: కప్పు తెరిచి, ఎండలో ఏసీ నిండుగా పెట్టుకుని తిరిగే వాళ్లను చూస్తుంటాను. ఊరంతటినీ చల్లబరచాలంటే ఏసీ కంప్రెసర్ కూడా ఇంజన్ నుంచి తన వాటా తీసుకుంటుంది మరి.

తోడల్లుడి గారి సంగతి. టర్బో డీజిల్ ఇంజన్ సాధారణంగా నిమిషానికి 1,750 చుట్ల దగ్గరే పూర్తి టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఇచ్చేస్తుంది. కాలు పెట్టగానే వీపు సీటుకు అంటుకుంటుంది. మీ కారు పెట్రోల్ పొదుపు కోసం పై గేరులో తక్కువ చుట్లతో సాగుతూ ఉండగా, ఆటోమేటిక్ గేరుబాక్సు రెండు గేర్లు దించాలా వద్దా అని ఆలోచించే లోపల ఆయన దాటేసి ఉంటాడు. మొత్తం పరుగు పెడితే మీదే ముందు. (పెట్టకండి. హైవే అందుకు కాదు.) ఓవర్‌టేక్ చేసేముందు మీట స్పోర్ట్ మీదికి తిప్పండి, లేదా మీరే గేరు దించుకోండి. ఎగతాళికి ఇంతకన్నా చవకైన మందు నాకు తెలియదు.

ఒంటికి తెలియదన్నాను కదా. కప్పు మూసిన కారులో వేగం పెరిగేకొద్దీ ఇంజన్ మోత గోడలకు తగిలి మనకే వినిపిస్తుంది, చెవి దానితోనే వేగాన్ని కొలుస్తుంది. తెరిచిన కారులో అరవై దాటగానే గాలి హోరు అన్నిటినీ మింగేస్తుంది. అరవైలో ఉన్న హోరుకు తొంభైలో ఉన్న హోరుకు తేడా పట్టుకోవడం కష్టం. అందుకే మొదట్లో, ముప్పై నలభై దగ్గర, ఎగిరిపోతున్నట్టుంటుంది. తర్వాత ఎంత తొక్కినా ఇంకేమీ జరగనట్టుంటుంది. స్పీడోమీటర్ ముల్లు మాత్రం కదులుతూనే ఉంటుంది.

ఈ జాతి కార్లలో కొన్నిటిని అసలు దూకుడు కోసం చేయనే లేదు. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5కు 1.6 లీటర్ల ఇంజన్, సుమారు 116 హార్స్‌పవర్. నూరు అందుకోవడానికి తొమ్మిది సెకన్ల చిల్లర తీసుకునేది. అయినా 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. మొదటి గీత గీసినప్పుడే దానికి కప్పు లేదనుకుని చేశారు కాబట్టి టన్నులోపు బరువుతో సరిపెట్టగలిగారు, మలుపుల్లో అది పలికే తీరే వేరు. మీ కారును కూడా ఒక తెల్లవారుజామున తప్తపాణి ఘాట్ ఎక్కించి చూడండి. తోడల్లుడి గారిని వెనక రమ్మనండి.

చూడవలసినవి: ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, టైర్ల గాలి, టైరు గోడ మీద తయారీ వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు. టర్బో గొట్టాల క్లిప్పులు వదులయ్యాయేమో చేత్తో పట్టి చూడమనండి. స్కానర్ పెట్టి కంప్యూటర్‌లో పాత లోపాలు నమోదై ఉన్నాయేమో చదివించండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే డబ్బు దాచుకోండి. చిప్పు పెడితే పికప్ వస్తుంది, కాదనను. వచ్చిన వేడి ఎక్కడికి పోవాలో, గేరుబాక్సు దాన్ని ఎన్నాళ్లు మోస్తుందో ఆ మెకానిక్ రాసిస్తాడేమో అడగండి.

ప్రశ్న: నాది కాన్వాస్ కప్పు ఉన్న పాత పెట్రోల్ జీపు. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా వచ్చేటప్పుడు పైకి వచ్చేకొద్దీ లాగదు, నల్లపొగ కూడా వస్తోంది. కాన్వాస్ గాలికి కొట్టుకోవడం వల్లనా? – ఒక పాఠకుడు, కోరాపుట్

జవాబు: కాన్వాస్‌కు ఈ పాపం అంటగట్టకండి. ఘాట్‌లో మీ వేగానికి గాలి అడ్డమే కాదు. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడి గాలి కింద సాలూరు వైపు గాలికన్నా పలచన, ఇంజన్ బలం ఎనిమిది, తొమ్మిది శాతం అక్కడే పోతుంది. మీది కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే పాతకాలపు పరికరం) ఉన్న బండి కాబట్టి గాలి తగ్గిందని దానికి తెలియదు, పెట్రోల్ మాత్రం పాత లెక్కలోనే పోస్తూ ఉంటుంది. నల్లపొగ అదే. నివాసం పైనే గనుక మిశ్రమాన్ని అక్కడి గాలికే సర్దించుకోండి. ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చండి, మన ఎర్రమట్టి దాన్ని త్వరగా మూసేస్తుంది.

ప్రశ్న: కప్పు తెరిచి నడిపితే పెట్రోల్ ఎక్కువ తాగుతుందా? – ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: ఊళ్లో తేడా తెలియదమ్మా. హైవేలో ఎనభై దాటితే తాగుతుంది.

ప్రశ్న: మా ఊళ్లో ఒక వెల్డర్ పాత చిన్న కారు కప్పు కోసి ఓపెన్ టాప్ చేసిస్తానంటున్నాడు. తేలికై వేగం కూడా పెరుగుతుందట. పెళ్లి ఊరేగింపులకు అద్దెకు తిప్పుదామని ఆలోచన. – ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: వద్దు నాయనా. పైన బరంపురం వారికి రాసింది చదివితే ఎందుకో సగం తెలుస్తుంది. కంపెనీ అదనంగా ఉక్కు కలిపి తెచ్చుకునే బలాన్ని మీ వెల్డర్ కట్టర్‌తో తీసేస్తున్నాడు, తిరిగి ఏమీ కలపడం లేదు. సీటు బెల్టు పై కొన ముందు తలుపు వెనకున్న స్తంభానికి బిగించి ఉంటుంది. కప్పు కోస్తే ఆ స్తంభానికి పైన ఆధారం ఉండదు. ఒక్క గుద్దుకు బెల్టుతో పాటు అదీ ముందుకు వంగుతుంది. కొన్నాళ్లకు తలుపులు మూసుకోవు, జాకీ పెట్టి ఒక మూల ఎత్తితే ఆ సంగతి అప్పుడే బయటపడుతుంది. చట్టం కూడా ఒప్పదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే ప్రశ్న కూడా అదే, అందులో పెళ్లికొడుకు కూర్చుని ఉంటే మీ పరిస్థితి ఏమిటి? ఊరేగింపే కావాలనుకుంటే కంపెనీ నుంచే కాన్వాస్ కప్పుతో వచ్చిన పాత జీపు చూసుకోండి. ఆర్‌సీ పుస్తకంలో బాడీ రకం దగ్గర ఏమి రాసి ఉందో చదివాకే డబ్బు చేతిలో పెట్టండి.