అంత సైన్యం ఉండి కూడా మెక్సికో డ్రగ్ కార్టెళ్లను ఎందుకు అణచలేకపోతోంది?

నేను మెక్సికో వెళ్లినవాణ్ణి కాదు. నాలుగేళ్లు ఒక అమెరికన్ బ్యాంకుకు ఏఎంఎల్ టీమ్‌లో పనిచేశాను, అంటే అనుమానాస్పద లావాదేవీలు చూసే పని. నాకు తెలిసింది ఆ వైపు నుంచే.

అమెరికాలో 10,000 డాలర్లకు మించి నగదు జమ చేస్తే బ్యాంకు ప్రభుత్వానికి రిపోర్టు పంపాలి. ఒక రోజు నా క్యూలో ఒక అలర్ట్ పడింది. ఖాతా ఎవరో స్టూడెంట్ పేరు మీద ఉంది. ఒకే రోజు మూడు వేర్వేరు రాష్ట్రాల్లో 9,200, 8,700, 9,500 డాలర్ల నగదు పడింది. మర్నాడు మెక్సికో సరిహద్దు దగ్గర ఊళ్లో మొత్తం ఊడ్చేశారు. మా భాషలో ఇది ఫన్నెల్ అకౌంట్. రిపోర్టు రాశాను, ఖాతా మూసేశారు. ఆ తర్వాత ఏమైందో మాకు కబురు రాదు.

నెల తిరక్కుండానే అదే ఫోన్ నంబరుతో, వేరే పేరుతో ఇంకో ఖాతా! పక్క సీటు అమ్మాయికి పడింది. నంబరు నాకు గుర్తుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే రోజుకిన్ని అలర్టులు క్లోజ్ చేయాలన్న టార్గెట్ టెన్షన్‌లో అదీ దాటిపోయేదే.

ముఠా నాయకుల సంగతీ అంతే, ఒకణ్ణి తీసేస్తే పని ఆగదు. 1993లో కొలంబియా డ్రగ్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్‌ను కాల్చి చంపితే వ్యాపారం అక్కడి కాలీ ముఠా చేతికి పోయింది. 2006 డిసెంబరులో మెక్సికో అధ్యక్షుడు కాల్డెరోన్ సైన్యాన్ని దింపి పెద్ద తలకాయల వేట మొదలుపెట్టాడు. 2009లో ముఠా నాయకుడు అర్తూరో బెల్ట్రాన్ లేవా చనిపోయాక అతని ముఠా ముక్కలైంది. ఆ ముక్కలు కిడ్నాపులు, వసూళ్లంటూ జనం మీద పడ్డాయి. 2024లో సినలోవా కార్టెల్ నాయకుడు ఎల్ మాయో జంబాదా పట్టుబడ్డాక సినలోవా రాష్ట్రంలో ఆ కార్టెల్ వాళ్లలో వాళ్లే కాల్చుకోవడం మొదలైంది.

ఇక కంచే చేను మేసిన కథ. కాల్డెరోన్ హయాంలో ప్రజాభద్రత మంత్రిగా ఈ యుద్ధం నడిపిన గార్సియా లూనాయే సినలోవా కార్టెల్ దగ్గర లంచాలు తిన్నాడని 2023లో న్యూయార్క్ జ్యూరీ తేల్చింది.

మా స్టూడెంట్ పాపం 9,000 చొప్పున ముక్కలు చేసుకున్నాడు గానీ, హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు మెక్సికో శాఖల్లో ఆ అవసరమే రాలేదు. కౌంటర్ కిటికీలో పట్టే కొలతకు పెట్టెలు చేయించి మరీ డాలర్లు తెచ్చి జమ చేసేవారని అమెరికా న్యాయశాఖే చెప్పింది. 2012లో బ్యాంకు 1.9 బిలియన్ డాలర్లు కట్టి కోర్టు విచారణ లేకుండా బయటపడింది.

ఎల్ సాల్వడార్‌లో అధ్యక్షుడు బుకేలే చేసినట్టు అందరినీ లోపలేస్తే పోలా అంటారు చాలామంది. అక్కడి ముఠాలు ఎక్కువగా స్థానిక దుకాణాల మీద, బస్సుల మీద వసూళ్లతో బతికేవి. సినలోవా ముఠాను పోషిస్తున్నది సరిహద్దుకు అవతల సరుకు కొనేవాళ్లు. వాళ్లు మెక్సికో పోలీసులకు చిక్కరు.